చలిదేశంలో ఇంటి లోపల కరివేపాకు పెంచడం ఎలా

జనవరిలో ఇండియన్ గ్రోసరీకి వెళ్తే కరివేపాకు పెట్టే ట్రేలో చిన్న కవర్లు నాలుగో ఐదో మిగిలి ఉంటాయి. వాటిలో సగం ఆకు అప్పటికే నల్లబడి ఉంటుంది, అయినా డబ్బులు పోసి తెచ్చుకుంటాం, ఎందుకంటే పులిహోరలోకీ చారులోకీ అది పడకపోతే తిన్నట్టే ఉండదు. నేను ఉండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి దగ్గరలో. ఏడాదికి ఐదు నెలలు బయట ఏ మొక్కా బతకని ఊరు. ఇక్కడ మా హాల్లో కిటికీ పక్కన ఇప్పుడు నాలుగడుగుల కరివేపాకు చెట్టు ఉంది, ఈ చలికాలం అంతా బయట ఆకు కొనలేదు. మొదటి మొక్కని చంపుకుని, రెండోదానితో నేర్చుకున్నది వరసగా రాస్తున్నాను. మీరు చికాగోలో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా, టొరంటోలో ఉన్నా పద్ధతి ఇదే. తేదీలు మాత్రం మీ ఊరి చలిని బట్టి ముందుకో వెనక్కో జరుపుకోండి.

ముందు మొక్క సంపాదించండి, కానీ సూట్‌కేస్‌లో కాదు

ఇండియా నుంచి వచ్చేటప్పుడు మొక్కో పిలకో పచ్చి ఆకో బట్టల మధ్యలో పెట్టుకుని తెద్దామని చాలామందికి ఉంటుంది. తేకండి. ఫ్లోరిడాలోనో కాలిఫోర్నియాలోనో ఉన్న అక్క వాళ్ళ పెరట్లోంచి పిలక తవ్వి కారులో వేసుకుని రావడం కూడా అంతే. ఇది కేవలం ఎయిర్‌పోర్టులో ఫైన్ పడుతుందన్న భయంతో చెప్పే మాట కాదు. కరివేపాకు నిమ్మ, బత్తాయి, మారేడు, వెలగ చెట్ల కుటుంబంలోది. ఆసియన్ సిట్రస్ సిల్లిడ్ అని ఆవగింజంత పురుగు ఒకటి ఉంది, దానికి కరివేపాకు లేత చిగురంటే చాలా ఇష్టం, అక్కడే గుడ్లు పెడుతుంది. కరివేపాకుకి దానివల్ల పెద్ద జబ్బేమీ రాదు, కానీ అదే పురుగు నారింజ తోటలోకి వెళ్తే సిట్రస్ గ్రీనింగ్ అనే తెగులుని మోసుకెళ్తుంది. ఆ తెగులు పట్టిన చెట్టుకి మందు లేదు. ఫ్లోరిడాలో ఈ పురుగు 1998లో కనబడింది, తెగులు 2005లో బయటపడింది, ఆ తర్వాత అక్కడి నారింజ తోటలు బాగా దెబ్బతిన్నాయి. అందుకే ఆ పురుగున్న రాష్ట్రాల నుంచి కరివేపాకు మొక్కలు బయటికి పంపడం మీద ఆంక్షలున్నాయి. ఒకరి పెరటి చెట్టు కోసం ఇంకొకరి తోట పోకూడదు కదా.

కాబట్టి మీ రాష్ట్రానికి పంపడానికి అనుమతి ఉన్న నర్సరీలో కొనండి, లేదా మీ ఊళ్ళోనే చెట్టున్నవాళ్ళని అడగండి. గుడిలోనో, తెలుగు సంఘం పండగల దగ్గరో అడిగితే ఎవరో ఒకరు ఇస్తారు. ముదిరిన చెట్టుకి వేళ్ళలోంచి పిలకలు వస్తాయి, వాటిని కాస్త వేరుతో సహా తీసి నాటితే బతుకుతాయి. కొమ్మ కత్తిరించి గుచ్చితే మాత్రం మల్లెలాగా మందారంలాగా తేలిగ్గా వేరు పట్టదు, దానిమీద ఆశ పెట్టుకోవద్దు.

ఒక జాగ్రత్త. ఇక్కడి నర్సరీల్లో 'కర్రీ ప్లాంట్' అని చీటీ పెట్టి వెండి రంగు సన్నాకులున్న మొక్క అమ్ముతారు. వాసన చూస్తే ఏదో మసాలా వాసన వస్తుంది కూడా. అది మన కరివేపాకు కాదు, వేరే మొక్క. ఒక్కో రెమ్మకి రెండు వైపులా వరసగా ఆకులుండి, నలిపితే మన వంటింటి వాసన రావాలి. కొనేముందు ఒక ఆకు నలిపి చూడండి, ఎవరూ ఏమీ అనరు.

కుండీలో రెండు మూడు మొక్కలు కలిపి ఉండటం మామూలే, గుబురుగా కనబడాలని నాలుగైదు మొలకలు ఒకే కుండీలో వేస్తారు. విడదీయాలనుకుంటే వసంతం వచ్చేదాకా ఆగండి, చలిలో వేరు కదిపితే మొక్క తట్టుకోదు. ఆకు తిరగేసి చూడండి, ఈనెల వెంట గోధుమరంగు బుడిపెలు గానీ తెల్లటి దూదిలాంటిది గానీ ఉంటే ఆ మొక్క వద్దు.

విత్తనంతో మొదలుపెట్టాలనుకుంటే నల్లగా పండిన కాయలే కావాలి, అదీ తాజావి. పైగుజ్జు తీసేసి, కడిగి, వెంటనే నాటాలి, ఎండబెట్టి దాచిన గింజ మొలవదు. వెచ్చగా ఉంచితే రెండు మూడు నాలుగు వారాల్లో మొలక వస్తుంది. కానీ కూరలోకి ఆకు కోసే స్థాయికి రావడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు ఓపిక పట్టాలి. గింజలు పిల్లల నోట్లో పడకుండా చూసుకోండి, అవి తినేవి కావు.

కుండీ, మట్టి

కుండీ మరీ పెద్దది పెట్టకండి. మొక్క ఉన్న కుండీ కంటే రెండంగుళాలు వెడల్పైనది చాలు. చిన్న మొక్కని పెద్ద తొట్టిలో పెడితే వేరు అందుకోలేని మట్టి అంతా వారాల తరబడి తడిగానే ఉండిపోయి కుళ్ళు మొదలవుతుంది. అడుగున చిల్లు తప్పనిసరి. చిల్లు లేని అందమైన పింగాణీ కుండీ మీద మనసు పడితే, మొక్కని చిల్లులున్న ప్లాస్టిక్ కుండీలో ఉంచి దాన్ని ఇందులో కూర్చోబెట్టండి, నీళ్ళు పోసేటప్పుడు పైకి తీయండి. నీళ్ళు ఎక్కువ పోసే అలవాటున్నవాళ్ళకి మట్టి కుండీ మంచిది, గోడల్లోంచి కూడా తడి ఆరుతుంది.

మట్టికి నేను వాడేది రెండు పాళ్ళు మామూలు పాటింగ్ మిక్స్, ఒక పాలు పెర్లైట్ (మట్టి గుల్లగా ఉండేట్టు కలిపే తెల్లటి తేలిక గుళికలు), ఒక పాలు కంపోస్ట్. పెరట్లో తవ్విన మట్టి కుండీలో వేయకండి, ఇక్కడి బంకమట్టి రెండుసార్లు నీళ్ళు పోసేసరికి ఇటుకలాగా బిగుసుకుపోతుంది. కరివేపాకుకి కొంచెం ఆమ్లగుణం ఉన్న మట్టి నచ్చుతుంది, పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య ఉంటే బాగుంటుంది. ఇది తర్వాత ఆకులు పసుపుబారినప్పుడు గుర్తుకు తెచ్చుకోండి. కుండీ మార్చే పని మార్చి, ఏప్రిల్ నెలల్లో పెట్టుకోండి, కొత్త చిగుళ్ళు కదిలే సమయం అది.

లైటు దగ్గరే అసలు పని ఉంది

డిసెంబర్ 21న హైదరాబాద్‌లో పగలు దాదాపు 11 గంటలు ఉంటుంది. డెట్రాయిట్‌లో 9 గంటల చిల్లరే, అందులోనూ మబ్బు. దక్షిణం వైపు కిటికీ ఉన్నా సరే, ఆ వెలుతురు మన చెట్టుకి ఆకలి తీర్చేంత ఉండదు, ప్రాణం నిలుపుకునేంతే ఉంటుంది. ఇంట్లో పెట్టిన కరివేపాకు డిసెంబరు, జనవరిలో ఆకులు రాల్చేసి మోడవ్వడానికి మొదటి కారణం ఇదే. మనం మాత్రం ఆకు రాలుతోంది కదా అని ఇంకా నీళ్ళు పోస్తాం.

అందుకే మొక్కల కోసం వెలిగించే గ్రో లైటు కావాలి. గ్రో లైటు అనగానే ఖరీదైన సరంజామా అనుకోకండి. తెల్లటి వెలుగిచ్చే ఫుల్ స్పెక్ట్రమ్ ఎల్‌ఈడీ చాలు. కొనేటప్పుడు పెట్టె మీద 'ఇన్ని వాట్లకి సమానం' అని పెద్ద అక్షరాలతో రాసినది పట్టించుకోకుండా, నిజంగా ఎన్ని వాట్ల కరెంటు తీసుకుంటుందో చిన్న అక్షరాల్లో వెతకండి. మూడడుగుల మొక్క ఒక్కదానికి నిజమైన 30 నుంచి 40 వాట్లు సరిపోతాయి. ఊదారంగు లైట్లు నేను వద్దంటాను. మొక్క వాటికింద పెరుగుతుంది, నిజమే, కానీ ఆ రంగులో ఆకు పసుపుబారిందో పురుగు పట్టిందో మీకు కనబడదు, పైగా హాల్లో సాయంత్రం కూర్చోవాలంటే కళ్ళు లాగేస్తాయి.

మొక్క చివరి చిగురుకి ఒక అడుగు పైన లైటు వేలాడదీయండి. రెండు వారాలు చూడండి. కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరిగి కొమ్మ సన్నగా సాగుతుంటే వెలుతురు చాలట్లేదని అర్థం, ఇంకో మూడు నాలుగు అంగుళాలు కిందికి దించండి. పైచిగుళ్ళు పాలిపోయి తెల్లబడుతుంటే మరీ దగ్గరైందని, పైకి లేపండి. మొక్క పెరిగేకొద్దీ లైటు కూడా పైకి జరగాలి కాబట్టి గొలుసుతోనో తాడుతోనో కట్టుకోండి, మేకు కొట్టి బిగించేయకండి.

ఎంతసేపు వెయ్యాలి? రోజుకి 12 నుంచి 14 గంటలు. ఒక చిన్న టైమర్ కొనండి, దాని మీద పెట్టిన డబ్బు వృథా పోదు. నేను పొద్దున్న 6కి వెలిగి రాత్రి 8కి ఆరిపోయేట్టు పెట్టాను. ఎక్కువ వేస్తే ఎక్కువ పెరుగుతుందని రాత్రంతా ఉంచకండి, మొక్కకి చీకటి కూడా కావాలి. కరెంటు ఖర్చు గురించి టెన్షన్ అక్కర్లేదు, 30 వాట్ల లైటు రోజుకి 14 గంటలు వెలిగితే నెలకి 13 యూనిట్లు కూడా కాలదు.

చోటు విషయంలో రెండు మాటలు. హీటర్ గాలి నేరుగా తగిలే చోట పెట్టకండి, రెండు రోజుల్లో ఆకు అంచులు మాడతాయి. కిటికీ అద్దానికి ఆకులు ఆనకుండా ఒక జానెడు దూరం ఉంచండి. కుండీ అడుగు చల్లగా ఉండే టైల్స్ మీదో రాతి గట్టు మీదో ఉంటే కింద ఒక చెక్క పలకో థర్మోకోల్ ముక్కో వేయండి, గది వెచ్చగానే ఉన్నా అడుగున వేళ్ళు చల్లబడితే చెట్టు నీళ్ళు తాగడం మానేస్తుంది. మనం ఉండే గది వేడి, 65 నుంచి 75 ఫారన్‌హీట్, దానికి సరిపోతుంది.

నీళ్ళు: నా మొదటి మొక్క పోయింది ఇక్కడే

మొదటి ఏడాది నేను రోజూ పొద్దున్నే కాఫీ పెట్టుకుంటూ ఒక గ్లాసు నీళ్ళు పోసేదాన్ని. కాకినాడలో మా అమ్మ అలాగే పోసేది, తులసికి పోసి పక్కనున్న కరివేపాకుకీ పోసేది. నవంబరు దాకా బాగానే ఉంది. డిసెంబరులో కింది ఆకులు పసుపుబారి రాలడం మొదలైంది, నీళ్ళు చాలట్లేదేమో అని రెండు గ్లాసులు చేశాను. జనవరి చివరికి కాండం నల్లబడింది. కుండీ బోర్లించి చూస్తే అడుగున సగం మట్టి బురదలాగా జారింది, మురికి కాలవ వాసన, వేళ్ళు గోధుమరంగులో మెత్తగా ఉండి పట్టుకుంటే పైతోలు ఊడి చేతిలోకి వచ్చి లోపల దారంలాంటి పోగు మిగిలింది. బతికున్న వేరు తెల్లగా, గట్టిగా, తెగితే టక్కుమనేట్టు ఉంటుంది. ఆ తేడా ఒకసారి చేత్తో పట్టి చూస్తే మళ్ళీ మర్చిపోరు.

కాకినాడలో ఆ గ్లాసు నీళ్ళు మధ్యాహ్నానికి ఆవిరైపోయేవి. ఇక్కడ చలికాలంలో, ఆ తక్కువ వెలుతురులో, చెట్టు దాదాపు నిద్రలో ఉంటుంది, పోసిన నీళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. కాబట్టి క్యాలెండర్ చూసి పోయకండి. వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దింపండి, పొడిగా తగిలితేనే పోయాలి. పెద్ద కుండీ అయితే ఒక చెక్క పుల్ల అడుగుదాకా గుచ్చి పది నిమిషాలాగి తీయండి, తడి మరకా మట్టీ అంటుకుని వస్తే ఇంకో మూడు రోజులాగండి. నీళ్ళు పోసిన రోజు కుండీ ఒకసారి ఎత్తి బరువు చూసి పెట్టుకుంటే ఆ తర్వాత చెయ్యే చెప్తుంది. నా పదంగుళాల కుండీకి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పది పన్నెండు రోజులకోసారి సరిపోతోంది, అదే జూన్‌లో బయట ఎండలో ఉన్నప్పుడు రోజూ కావాలి.

పోసినప్పుడు మాత్రం ధారాళంగా పోయండి, అడుగు చిల్లులోంచి కారేదాకా. పావుగంటాగి కింద పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోయండి. కొళాయి నుంచి పట్టిన మంచులాంటి నీళ్ళు వద్దు, ముందురోజు రాత్రి పట్టి గదిలో ఉంచిన నీళ్ళు పోయండి.

ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్, అంటే నీళ్ళలో సున్నం తగ్గించే యంత్రం ఉందా? అయితే ఆ నీళ్ళు చెట్టుకి పోయకండి. అందులో ఉప్పులోని సోడియం చేరుతుంది, కుండీలో అది పేరుకుపోతుంది. నేను చలికాలంలో పెరట్లో శుభ్రంగా ఉన్న చోట బకెట్ నిండా మంచు ఎత్తి తెచ్చి లోపల కరిగించుకుంటాను, అంత మెత్తటి నీళ్ళు ఏ కొళాయిలోనూ రావు. రోడ్డు పక్క మంచు మాత్రం తీయకండి, దాంట్లో కూడా ఉప్పు ఉంటుంది.

ఇంత చేసినా ఫిబ్రవరిలో కొన్ని ఆకులు రాలవచ్చు, అది కరివేపాకు స్వభావం. మొత్తం మోడైపోతే పారేయకండి. కాండం మీద గోటితో కొంచెం గీకండి, తోలు కింద పచ్చగా కనబడితే ప్రాణం ఉంది. నీళ్ళు బాగా తగ్గించి, లైటు ఉంచి, ఏప్రిల్ దాకా వదిలేయండి.

ఎరువు, అమ్మ చెప్పిన మజ్జిగ

మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడిగే మొదటి మాట, "ఏమే, చెట్టుకి పుల్ల మజ్జిగ పోస్తున్నావా?" మన వైపు ఇళ్ళల్లో కరివేపాకుకి పుల్ల మజ్జిగ, బియ్యం కడిగిన నీళ్ళు పోయడం ఎప్పటినుంచో ఉంది, ఆ పులుపు ఈ చెట్టుకి నచ్చే మాటా నిజమే. కానీ అది పెరట్లో నేలమీద ఉన్న చెట్టుకి. ఇంట్లో కుండీలో పోస్తే రెండో రోజుకి వాసన, నాలుగో రోజుకి మట్టిమీద బూజు, వారానికి చిన్న చిన్న ఈగలు. అందుకే మజ్జిగ పోయాలనిపిస్తే వేసవిలో కుండీ బయట ఉన్నప్పుడు, ఒక వంతు మజ్జిగకి పది వంతుల నీళ్ళు కలిపి, నెలకోసారి పోయండి. ఉప్పు వేసిన మజ్జిగ అసలే వద్దు.

మామూలు ఎరువు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా చాలు. నిమ్మజాతి మొక్కలకని అమ్మే సిట్రస్ ఎరువు దీనికి బాగా కుదురుతుంది, ఎందుకంటే అందులో ఐరన్, జింక్, మాంగనీస్ కూడా ఉంటాయి. డబ్బా మీద రాసిన దాంట్లో సగం వేయండి. అక్టోబర్ నుంచి మార్చి దాకా ఏమీ వేయకండి, నిద్రపోతున్న చెట్టుకి తిండి పెడితే ఆ ఉప్పులన్నీ వేళ్ళ దగ్గర చేరి మాడుస్తాయి.

ఆకులు పసుపుబారితే ఏ ఆకులో చూడండి. కొత్త చిగుళ్ళు పసుపుగా ఉండి ఈనెలు మాత్రం పచ్చగా వలలాగా కనబడితే ఐరన్ లోపం. మట్టిలో ఐరన్ ఉన్నా, ఇక్కడి సున్నపు నీళ్ళ వల్ల మట్టి క్షారగుణానికి తిరిగి చెట్టు దాన్ని తీసుకోలేకపోతుంది. చెట్టు తేలిగ్గా తీసుకోగలిగే రూపంలో కీలేటెడ్ ఐరన్ అని దొరుకుతుంది, నీళ్ళలో కలిపి పోయండి. ముదురాకుల్లో ఈనెల మధ్య పసుపుబారితే మెగ్నీషియం తక్కువని, గాలన్ నీళ్ళకి ఒక చెంచా ఎప్సమ్ సాల్ట్ కలిపి ఒకసారి పోసి చూడండి. కిందాకులు మొత్తం పసుపుబారి మట్టి తడిగా ఉంటే ఏ ఎరువూ వద్దు, నీళ్ళు ఆపండి.

పురుగులు

ఎక్కువగా వచ్చేది పొలుసు పురుగు. ఇది కదలదు, అందుకే పురుగని తెలియదు, ఈనె మీదో కాండం మీదో కందిపప్పు బద్దలో సగం సైజు గోధుమరంగు బుడిపెలాగా అతుక్కుని ఉంటుంది. నాకు మొదట తెలిసింది నేల మీద. చెట్టు కింద టైల్స్ జిగటగా కాలికి అంటుకుంటుంటే ఎవరో షర్బత్ ఒలకబోశారనుకుని రెండుసార్లు తుడిచాను. మూడోసారి పైకి చూస్తే ఆకుల మీద కూడా అదే జిగట మెరుస్తోంది, ఆ పురుగులు వదిలే తీపి రసం అది. గోటితో ఒక బుడిపె గీకితే లేచి వచ్చింది, కింద తడి.

దూదిని 70 శాతం రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచి ఒక్కో బుడిపె మీద అద్ది తుడిచేయండి. ఓపిక పట్టి, వారానికోసారి, కనీసం నాలుగు వారాలు చేయాలి, ఎందుకంటే కంటికి కనబడని పిల్లలు ఇంకా ఉంటాయి. తర్వాత వేపనూనె. లీటరు గోరువెచ్చటి నీళ్ళలో ఒక చెంచా వేపనూనె, నాలుగైదు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు వేసి బాగా గిలక్కొట్టి, లైటు ఆరిపోయాక, ఆకుల అడుగున కూడా తడిసేట్టు కొట్టండి. తెల్లటి దూదిలాగా కనబడే పిండినల్లికి కూడా ఇదే మందు.

హీటర్ వేసిన ఇళ్ళల్లో పొడిగాలికి ఎర్రనల్లి వస్తుంది. ఆకు మీద ఇసక చల్లినట్టు సన్న చుక్కలు, అడుగున సాలెగూడులాంటి దారాలు. దీనికి మంచి వైద్యం స్నానం. పదిహేను రోజులకోసారి కుండీని బాత్‌టబ్‌లో పెట్టి, మట్టి తడిసిపోకుండా కుండీ మూతికి ఒక కవర్ చుట్టి, షవర్‌తో ఆకుల అడుగులు కడగండి. మట్టి మీద ఎగిరే చిన్న నల్ల ఈగలు వస్తే నీళ్ళు ఎక్కువయ్యాయని అర్థం, పైమట్టి ఆరనివ్వండి, పసుపురంగు జిగురు కార్డు ఒకటి గుచ్చండి.

నర్సరీల్లో గులాబీలకీ పూలమొక్కలకీ మట్టిలో వేసే పురుగుమందు గుళికలు ఉంటాయి, ఒకసారి వేస్తే నెలల తరబడి పురుగు రాదని రాసి ఉంటుంది. వాటిని కరివేపాకుకి వేయవద్దు. ఆ మందు వేళ్ళలోంచి ఆకులోకి ఎక్కుతుంది, ఆ ఆకుని మనం పిల్లల పప్పులో వేస్తాం. పురుగు వదలకపోతే కొమ్మలు నరికి మళ్ళీ చిగురు వేయించుకోండి గానీ ఈ పని చేయకండి.

వేసవిలో బయటికి, సెప్టెంబర్‌లో లోపలికి

మే నెలలో రాత్రి చలి 55 ఫారన్‌హీట్ కంటే కిందికి పోవట్లేదని వారం పాటు చూశాక బయట పెట్టండి. ఒక్కసారిగా ఎండలో పెడితే ఇంట్లో పెరిగిన ఆకులు తెల్లగా కాలిపోతాయి. మొదటి మూడు రోజులు పూర్తి నీడ, తర్వాత పొద్దుటి ఎండ ఒక గంట, రెండు గంటలు, అలా పది రోజుల్లో పూర్తి ఎండకి అలవాటు చేయండి. ఈ నాలుగు నెలల్లోనే ఏడాదికి సరిపడా పెరుగుదల అంతా జరుగుతుంది, మా చెట్టు ఒక్క వేసవిలో అడుగున్నర పెరిగింది.

తిరిగి లోపలికి తెచ్చేటప్పుడు ఆలస్యం చేయకండి. రాత్రి 50కి దిగుతుందని వాతావరణంలో చెప్పగానే, మాకైతే సెప్టెంబర్ మధ్యలో, తెచ్చేయండి. ఒక్క రాత్రి మంచు పడితే అంతే సంగతులు. తెచ్చే ముందు పైపుతో ఆకు ఆకూ కడిగి, వేపనూనె కొట్టి, వారం పాటు మిగతా మొక్కలకి దూరంగా ఉంచండి.

కత్తెర పెట్టడం, ఆకు కోయడం

చాలామంది చెట్టు మీద జాలితో కింద ముదురు రెమ్మల్లోంచి నాలుగు ఆకులు గిల్లుకుంటారు, పైచిగురు జోలికి వెళ్ళరు. అప్పుడు చెట్టు ఒకే కర్రలాగా పైకి పోయి లైటుకి తగులుతుంది, కింద బోడిగా ఉంటుంది. దీనికి సరిగ్గా తిరగేసి చేయండి. మొక్క అడుగు, అడుగున్నర ఎత్తు వచ్చాక, వసంతంలో, పైచిగురుని మూడు నాలుగు రెమ్మలతో సహా కణుపుకి కొంచెం పైన కత్తిరించండి. రెండు మూడు వారాల్లో ఆ కింది కణుపుల దగ్గర ఎర్రటి ఛాయతో సూదిమొనల్లాంటి చిగుళ్ళు రెండో మూడో పొడుచుకొస్తాయి. అవి జానెడు పెరిగాక వాటి చివరలు కూడా గిల్లండి. అలా రెండు సీజన్లు చేస్తే గొడుగులాగా గుబురవుతుంది. కూరకి కోసేటప్పుడు విడి ఆకులు దూయకుండా రెమ్మ మొత్తాన్ని కాండం దగ్గర నుంచి తీయండి, ఆకులు దూసేసిన ఈనె చెట్టుకి ఎందుకూ పనికిరాదు, ఎండి వేలాడుతుంది.

ఒకసారికి మూడో వంతు కంటే ఎక్కువ కోయకండి. చలికాలంలో అంతకంటే తక్కువ, పోపుకి రెండు రెమ్మలు అలా. తెల్లటి పూత కనబడితే తుంచేయండి, గింజలు కావాలంటే తప్ప. పూత, కాయ మీదికి బలం పోతే ఆకు తగ్గుతుంది.

పెద్ద కోత ఆగస్టు చివర పెట్టుకోండి, లోపలికి తెచ్చే ముందు చెట్టుని ఎలాగూ కిందికి కత్తిరించాలి. అప్పుడు బుట్టెడు ఆకు వస్తుంది. కడిగి, తువ్వాలు మీద తడి పూర్తిగా ఆరనిచ్చి, పేపర్ టవల్ వేసిన డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు వారాలు తాజాగా ఉంటుంది. తడి ఒక్క చుక్క ఉన్నా నల్లబడేది ఇక్కడే. ఫ్రీజర్‌లో పెట్టిన ఆకు రంగు మారుతుంది, అయినా పోపులో వేస్తే వాసన బాగానే వస్తుంది, బయటికి తీసి కరగనివ్వకుండా నేరుగా నూనెలో వేయండి. వేపనూనె కొట్టిన వారంలో ఆకు కోయకండి, కోసేముందు బాగా కడగండి, లేకపోతే చారంతా చేదు.

మిగిలినది పొడి చేస్తాను. ఆకుని నీడలో ఫ్యాన్ కింద ఒక రోజంతా వాడనిచ్చి, మూకుడులో ఒక చెంచా నూనెతో సన్న సెగ మీద ఆకు గలగలలాడేదాకా వేయించి పక్కన పెట్టాలి. అదే మూకుడులో శనగపప్పు, మినప్పప్పు, ధనియాలు, ఎండుమిర్చి, దించేముందు జీలకర్ర. చల్లారాక చింతపండు, ఉప్పు, నాలుగు వెల్లుల్లి రేకలు వేసి బరకగా పట్టాలి. అమ్మ రోట్లో దంచేది, నాకు మిక్సీయే.

ఈ చెట్టు శాస్త్రీయ నామంలో 'కీనిగీ' అని ఉంటుంది, మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ పేరు మీద పెట్టారు. తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో వైద్యుడిగా చేరి దక్షిణాదిలో మొక్కలు వెతుక్కుంటూ తిరిగిన ఆయన 1785లో కన్నుమూసింది మా కాకినాడ జగన్నాథపురంలోనే. మా అమ్మమ్మ వాళ్ళ ఇల్లు జగన్నాథపురం వంతెన దాటితే వస్తుంది, వాళ్ళ పెరట్లో బావి పక్కన కరివేపాకు చెట్టు ఉండేది. పోయిన వేసవిలో నా చెట్టుకి రెండు పిలకలు వచ్చాయి. ఒకటి మా వీధిలోనే ఉండే కరీంనగర్ వాళ్ళకి ఇచ్చాను, ఇంకోదాన్ని చిన్న కుండీలో ఉంచాను, ఏప్రిల్‌లో ఎవరికైనా ఇవ్వాలి.